ఊరిని చదివే విద్య: కళాశాలల సమాజ సేవా ప్రాజెక్టుపై ఒక విమర్శ

ప్రాజెక్టు అనే మాట మన ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు కొత్తది కాదు. ఉపాధ్యాయ శిక్షణలో కిల్‌పాట్రిక్ పేరు వినని వారుండరు. కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలలో పనిచేస్తుండిన విలియం కిల్‌పాట్రిక్ 1918లో ప్రకటించిన ఒక వ్యాసంతో ఈ పద్ధతి పేరు దేశదేశాల వ్యాపించినది. ఆయన లెక్కలో ప్రాజెక్టుకు మెట్లు నాలుగు: ఉద్దేశించుట, పథకం వేయుట, ఆచరించుట, ఆచరించిన దాని మంచిచెడ్డలు నిర్ణయించుట. శిక్షణ పరీక్షలలో మనవారు ఈ నాలుగింటిని వరుస తప్పకుండా వ్రాస్తారు. అయితే అసలు సంగతి మొదటి మెట్టులోనే ఉన్నది. ఉద్దేశం విద్యార్థి మనస్సులో పుట్టినది కాకపోతే మిగిలిన మూడు మెట్లు ఎంత చక్కగా ఎక్కినా దానిని అప్పగించిన పని అనవలసిందే. అట్ట కాగితం కొని, బొమ్మలు కత్తిరించి అంటించి, పది మార్కులకు ఉపాధ్యాయుని బల్లమీద పెట్టినది కూడ ప్రాజెక్టు అనిపించుకుంటున్న రోజులలో ఈ మాట ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

ఆ ప్రాజెక్టు బడి దాటి కళాశాల గడప తొక్కినది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020–21 విద్యాసంవత్సరానికి డిగ్రీ పాఠ్యప్రణాళికను సవరించినప్పుడు, మొదటి సంవత్సరం ముగిసిన పిమ్మట వేసవి సెలవులలో ప్రతి విద్యార్థి ఒక పల్లెలోనో పట్టణపు వార్డులోనో కనీసం 180 గంటలు పనిచేయవలెనని నియమం పెట్టినది. దీనికి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని పేరు. మనం సమాజ సేవా ప్రాజెక్టు అందాము. దీని తరువాత రెండవ సంవత్సరం చివర స్వల్పకాలపు శిక్షణ, ఆ పైన ఒక పూర్తి సెమిస్టరు శిక్షణ కూడ ఏర్పాటు చేశారు గాని, అవి ఉద్యోగాల వైపు చూసేవి. ఊరి వైపు చూసేది ఇదొక్కటే. మన బడులలో పదవ తరగతి దాటిన పిల్లలే మూడేండ్ల తరువాత ఫారాలు చేతబట్టి మన ఊళ్లకే వచ్చారు. కాబట్టి ఇది కళాశాలల వ్యవహారం గదా అని ఉన్నత పాఠశాలలు తప్పుకొనడానికి వీలు లేదు.

సాంఘిక నవకల్పన అనే మాట ఇప్పుడు విశ్వవిద్యాలయాలలో బాగా వినబడుతున్నది. దానిని తరగతిలో పాఠంగా చెప్పలేమనీ, విద్యార్థి బయటకు వెళ్లి ఒక పని నెత్తిన వేసుకొని నేర్చుకోవలసినదేననీ చాలామంది విద్యావేత్తలు అంగీకరిస్తున్నారు. డెన్మార్కులో 1974లో స్థాపించిన ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయం తొలినుండి విద్యార్థి కాలంలో దాదాపు సగం జట్టు ప్రాజెక్టులకే కేటాయించినది. సమస్యను పరిష్కరించడానికి ముందు సమస్య ఏదో సరిగా చెప్పడమే అక్కడ పెద్ద పని. మన 180 గంటలు కూడ ఆ దారిలో వేసిన అడుగే. ఆ అడుగు ఎక్కడ పడినదో చూడవలసి ఉన్నది. అందుకని ఆ ప్రాజెక్టు మార్గదర్శకాలను, విద్యార్థి నింపవలసిన పుస్తకాన్ని, ఒక గ్రంథాన్ని సమీక్షించినట్లు చదివి, నర్సీపట్నం ప్రాంతాన్ని ఎదుట పెట్టుకొని బేరీజు వేద్దాము.

మొదట నవకల్పన అంటే ఏమిటో తేలాలి. కొత్త యంత్రం కనిపెడితే అది సాంఘిక నవకల్పన కాదు. పదిమంది ఒక కష్టాన్ని ఎదుర్కొనే తీరు మారాలి. ఆ మార్పు తెచ్చినవారు వెళ్లిపోయిన తరువాత కూడ ఆ కొత్త తీరు అక్కడ నిలిచి ఉండాలి. నిర్వచనం కంటె ఉదాహరణ మేలు. అది నర్సీపట్నానికి ఎగువన విశాఖ మన్యంలోనే ఉన్నది.

మన్యపు కొండలమీద, రాళ్ల సందులలో, తెల్లని నున్నని బెరడుతో ఒక చెట్టు కనబడుతుంది. తపసి అంటారు, కొన్ని చోట్ల కోవెల అంటారు. శాస్త్రనామం స్టెర్కూలియా యూరెన్స్. బెరడుకు గాటు పెడితే జిగురు ఊరి గడ్డకడుతుంది. ఈ జిగురు నీటిలో తుమ్మజిగురు వలె కరిగిపోదు. నీటిని పీల్చుకొని ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఆ గుణం వలననే విరేచనపు మందులలోను, కట్టుడు పళ్లను చిగుళ్లకు పట్టించే పొడులలోను, ఆహార పదార్థాలను చిక్కబరచడంలోను దీనిని వాడతారు. విదేశాలకు ఎగుమతి అవుతుంది. కొండలెక్కి సేకరించేవారు గిరిజనులు. వారి సరుకు సంతలో దళారుల పాలు కాకుండా కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది.

పూర్వం ఈ చెట్టుకు గొడ్డలితో లోతుగా, వెడల్పుగా గాట్లు పెట్టేవారు. జిగురు బాగానే కారేది. గాయం మాత్రం మానేది కాదు; కొన్నేండ్లలో చెట్టు చచ్చేది. నేలమీద పడిన జిగురుకు మట్టి, బెరడు పేళ్లు అంటుకొని నల్లబడేది. నల్లని జిగురుకు ధర లేదు. ధర లేదు గనుక కుటుంబం గడవడానికి మరింత జిగురు కావాలి. మరింత జిగురుకు మరింత పెద్ద గాటు. ఈ చక్రాన్ని ఆపడానికి 1990 తరువాతి కాలంలో గిరిజన సహకార సంస్థ, ఈ జిగురు సేకరించేవారి మేలు కోరి విశాఖపట్నంలో ఏర్పడిన కోవెల్ ఫౌండేషన్ పనిచేశాయి. పదునైన చిన్న పనిముట్టు, బెరడు మేరకే చిన్న గాటు, గాటుకూ గాటుకూ నడుమ గాయం మానడానికి వ్యవధి, జిగురు నేలపాలు కాకుండా పట్టే సంచి, ఆరబెట్టి శుభ్రం చేసి రకాలుగా వేరు చేయడం, రకాన్ని బట్టి ధర: ఇదీ కొత్త తీరు.

ఇందులో వృక్షశాస్త్రం ఎంత ఉన్నదో అర్థశాస్త్రం అంత ఉన్నది. బెరడు ఎట్లా మానుతుందో తెలియకపోతే చిన్న గాటు ఊహ రాదు. శుభ్రమైన జిగురుకూ మట్టి జిగురుకూ ఒకటే ధర కట్టితే ఆ చిన్న గాటు శ్రమ ఎవరూ పడరు. చెట్టును చంపినది సేకరించేవాని తెలివితక్కువతనమని మైదానంలో కూర్చున్నవారు అనుకొనవచ్చును. చంపినది ధర. గాటు పెద్దదెందుకైనదో ఆ మనిషినే అడిగితే ఈ జవాబు వచ్చి ఉండేది. విద్యార్థి నేర్వవలసినది ఈ అడగడమే. డిగ్రీ మొదటి సంవత్సరపు పిల్లలు 180 గంటలలో ఇటువంటి మార్పు తీసుకొని రాలేరు. తేవాలని అడగడం అన్యాయం. అటువంటి మార్పు ఎట్లా వచ్చినదో, ఎక్కడ తడబడినదో, ఎందుకు నిలిచినదో చదవడానికి మాత్రం 180 గంటలు చాలును.

ఇక మార్గదర్శకాల సంగతి. వాటిలో మెచ్చుకోవలసినవి తక్కువ కాదు. జాతీయ సేవా పథకం 1969 నుండి మన కళాశాలలలో ఉన్నది. ఈ ప్రాజెక్టు దానికీ, నేషనల్ కేడెట్ కోరు మొదలైనవాటికీ భిన్నంగా ఉండాలని మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. రోడ్లు ఊడ్చి, మొక్క నాటి, ఛాయాచిత్రం తీయించుకొనడంతో సరిపెట్టవద్దని దీని భావం. విద్యార్థి తాను చదివే శాస్త్రంతో ఊరి సమస్యకు సంబంధం కలపాలన్నారు. రసాయనశాస్త్రం వారు నీటిని, వాణిజ్యశాస్త్రం వారు అప్పులను చూడవచ్చును. ఒక అధ్యాపకుడు మార్గదర్శిగా ఉండాలన్నారు. ముందు ఇంటింటి సర్వే, పిదప అవగాహన కార్యక్రమాలు, ఆ తరువాత ప్రజలతో కలిసి పని, చివరకు నివేదిక: ఇదీ క్రమం.

ఈ క్రమంలోనే మొదటి చిక్కు ఉన్నది. సర్వే ముగిసీ ముగియక ముందే అవగాహన కార్యక్రమం వస్తుంది. ఊరివారికి ఏమి తెలుసునో విద్యార్థికి ఇంకా తెలియదు. వారికి తెలియనిదేమిటో చెప్పడానికి మాత్రం సిద్ధమవుతాడు. చేతులు కడుక్కోండి అని చెప్పడానికి వెళ్లినవాడు, ఆ వీధికి నీళ్లు ఎన్ని రోజులకు ఒకసారి వస్తున్నాయో కనుక్కున్నాడా? చెప్పడం తేలిక, వినడం కష్టం. ఫారంలో వినడానికి గడి లేదు.

రెండవ చిక్కు కాలం. ఇది నర్సీపట్నం వంటి చోట మరీ స్పష్టంగా తెలుస్తుంది. నర్సీపట్నం రెండు లోకాల నడుమ ఉన్న ఊరు. దిగువన తాండవ ఆయకట్టు, వరి, చెరకు. నడుమ మెట్టలమీద జీడిమామిడి తోటలు. ఎగువన లంబసింగి ఘాటు ఎక్కితే చింతపల్లి, కాఫీ తోటలు, మిరియపు తీగలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో చేరినది; చింతపల్లి, కొయ్యూరు మండలాలు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి పోయాయి. కాగితం మీద గీత పడినది గాని, ఆ గీతను సంత ఎరుగదు, జ్వరం ఎరుగదు, కొండదిగి చదువుకోవడానికి వచ్చే పిల్లలూ ఎరుగరు.

ఇటువంటి ప్రాంతాన్ని మే నెలలో చూస్తే ఏమి కనబడుతుంది? దారులు పొడిగా ఉంటాయి, గెడ్డలు నడిచి దాటవచ్చును. చింతపండు, జీడిపిక్కలు అమ్మిన డబ్బు చేతిలో ఆడుతుంటుంది. అదే ఊరిని ఆగస్టులో చూడాలి. గెడ్డ పొంగితే దారి తెగుతుంది, దోమ పెరిగి మన్యపు జ్వరాలు వస్తాయి, పంట ఇంకా చేనులోనే ఉంటుంది గనుక ఇంట్లో గింజలు తరుగుతాయి, అప్పు పుడుతుంది. గ్రామాభివృద్ధిని చాలాకాలం పరిశీలించిన రాబర్ట్ ఛాంబర్స్ 1983లో ప్రకటించిన గ్రంథంలో, పల్లెలను చూడడానికి వెళ్లే చదువుకున్నవారి చూపులో ఉండే వక్రాలను వరుసగా పేర్కొన్నాడు. తారురోడ్డు పక్క ఊళ్లే చూడడం ఒకటి. వానలు లేని కాలంలోనే చూడడం ఇంకొకటి. ముందుకు వచ్చి మాట్లాడే పెద్దలతోనే మాట్లాడడం మరొకటి. మన ప్రాజెక్టు వేసవి సెలవులలో పెట్టినది. విద్యార్థి నివాసానికి దగ్గరగా, సాయంత్రానికి ఇల్లు చేరేటట్లు ఊరిని కేటాయించవలెనన్నది. ఆడపిల్లల క్షేమం, ఖర్చు, ఎండ ఆలోచిస్తే ఇది మంచి నియమమే. కొండమీది ఇంటికి సెలవులకు పోయే విద్యార్థి తన గూడెంలోనే పనిచేయగలుగుతాడు. అది పెద్ద లాభం. అయినా జట్టుగా వేసినప్పుడు జట్టులో ఎక్కువమందికి బస్సు దొరికే ఊరే ఎన్నిక కావడం సహజం. ఛాంబర్స్ చెప్పిన మొదటి రెండు వక్రాలు ఇట్లా నియమంలోనే కూర్చున్నవి.

శాస్త్రం చదివేవారికి ఇది చిన్న విషయం కాదు. ఒక బావి నీటినే తీసుకోండి. గ్వాలియరులోని రక్షణ పరిశోధనశాల శాస్త్రజ్ఞులు 1982లో ఒక సులభమైన పరీక్ష ప్రకటించారు. చిన్న సీసాలో మందు పట్టించి ఆరబెట్టిన కాగితం ముక్క ఉంటుంది. అందులో థయోసల్ఫేటు, ఇనుపలవణం, సూక్ష్మజీవులకు ఆహారం ఉంటాయి. సీసాలో నీరు పోసి మూతపెట్టి మామూలు వెచ్చదనంలో ఒకటి రెండు రోజులు ఉంచుతారు. మలంతో కలుషితమైన నీటిలో సాధారణంగా ఉండే కొన్ని సూక్ష్మజీవులు థయోసల్ఫేటు నుండి హైడ్రోజన్ సల్ఫైడును పుట్టిస్తాయి. అది ఇనుముతో కలిసి నల్లని ఐరన్ సల్ఫైడు అవుతుంది. నీరు నల్లబడితే అనుమానించవలె. మే నెలలో నల్లబడని సీసా జూలైలో వానలు పడి నేలమీది మురికి బావిలోకి కొట్టుకొని వచ్చిన తరువాత నల్లబడవచ్చును. వేసవిలో మాత్రమే పరీక్షించిన విద్యార్థి బావి మంచిదని నివేదిక వ్రాస్తాడు. అతడు అబద్ధం వ్రాయలేదు. అతనికిచ్చిన నెల అట్లా వ్రాయించినది. 180 గంటలను రెండు ముక్కలు చేసి, సగం వేసవిలోను, సగం వానకాలపు సెలవు దినాలలోను పెడితే పరీక్షలకు కొంత ఇబ్బంది కలగవచ్చును. ఆ ఇబ్బంది పడదగినదే.

భాష విషయం కూడ చెప్పవలసి ఉన్నది. మన్యంలో తెలుగు ఇంటిభాషగా గలవారు ఎందరో ఉన్నారు. కోదులు కువి మాట్లాడతారు, ఒడియా మాండలికాలు మాట్లాడే తెగలూ ఉన్నవి. ఉమ్మడి సర్వే ఫారం ఒక్కటే అచ్చులో అందరి వద్దకు పోతుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండిన గిడుగు వేంకట రామమూర్తిగారు సవరలకు చదువు చెప్పవలెనని తలచినప్పుడు మొదట తామే సవర భాష నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో బడులు పెట్టించారు. ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయినవి. యౌవనంలో మొదలుపెట్టిన పని ముసలితనంలో పుస్తకమైనదన్నమాట. వేసవి సెలవులకు ఇంతటి తపస్సును ఎవరూ కోరరు. కాని ఆయన వేసిన క్రమం, ముందు వారి మాట నేర్చుకొని పిదప మన మాట చెప్పడం, ఒక్క వారంలోనైనా పాటించవచ్చును. నర్సీపట్నం చుట్టుపట్ల కళాశాలలకు ఇందులో ఒక అదృష్టం ఉన్నది: ఆ భాషలు ఇంట్లో మాట్లాడే విద్యార్థులు వారి తరగతులలోనే కూర్చున్నారు. ఫారాన్ని అనువదించే పని వారికి అప్పగిస్తే, ఏ ప్రశ్న వారి భాషలో అడగడానికే కుదరదో తేలుతుంది. అది సర్వేలో దొరికే మొదటి శాస్త్రీయ ఫలితం.

విద్యార్థి నింపే పుస్తకం వైపు చూద్దాము. రోజువారీ పట్టికలో ఆనాడు చేసిన పనికి ఒక గడి, నేర్చుకున్న దానికి ఒక గడి, సంతకానికి ఒక గడి ఉన్నవి. కుదరనిదానికి గడి లేదు. ప్రయోగశాలలో లవణ విశ్లేషణ చేసే పిల్లవాడు కూడ ఫలానా పరీక్షలో అవక్షేపం రాలేదని వ్రాసుకుంటాడు. రాకపోవడం కూడ సమాచారమే. ఊరిలో మాత్రం ప్రతిరోజూ ఏదో ఒకటి నేర్చుకొనవలెనని పట్టిక ఆజ్ఞాపిస్తున్నది. మూడు ఇండ్లవారు తలుపు తీయలేదు, సమావేశానికి ఎవరూ రాలేదు, అవగాహన కరపత్రంలో పొట్లాలు కట్టారు: ఇవన్నీ నవకల్పన చదివేవానికి బంగారం వంటివి. అవి పుస్తకంలో చేరవు. చేరిస్తే మార్కులు పోతాయని పిల్లల భయం. ఆ భయం పుట్టించినది పట్టికే.

అదే పుస్తకంలో ఊరి తరపు మనిషి విద్యార్థికి విలువకట్టే పత్రం కూడ ఒకటి ఉన్నది. ఒకటి నుండి అయిదు వరకు అంకెలు వేయాలి. మాటతీరు, వ్రాతతీరు, చొరవ, ఆత్మవిశ్వాసం, కాలం సద్వినియోగం చేసే నేర్పు అంటూ గడులు సాగుతాయి. ఊరివారికి విలువకట్టే అధికారం ఇవ్వడం గొప్ప ఊహ. వారిని అడిగినది మాత్రం పిల్లవాని ఆత్మవిశ్వాసం సంగతి. అనుకున్న ఫలితాలు సాధించెనా అని కూడ ఒక గడి ఉన్నది గాని, ఎవరు అనుకున్న ఫలితాలు? కిల్‌పాట్రిక్ మొదటి మెట్టు దగ్గరకే మళ్లీ వచ్చాము. ఉద్దేశం కళాశాలది, అది విద్యార్థికి అప్పగించబడినది, ఊరు దానికి అయిదులో ఎన్నో మార్కులు వేయాలి. మీ కష్టాలలో ఏది ముందు చూడమన్నారు, వీరు దానిని చూశారా అని ఒక్క ప్రశ్న ఉంటే ఆ పత్రం విలువ మారిపోయేది.

చివరి పత్రానికి పెట్టిన పేరు కూడ ఆలోచింపదగినది. దాని ఇంగ్లీషు పేరుకు నిష్క్రమణ నివేదిక అని అర్థం. ఊరి నుండి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే నివేదిక. ఆ నివేదిక కళాశాలకు పోతుంది; మౌఖిక పరీక్ష జరుగుతుంది; మార్కుల పత్రంలో అంకె పడుతుంది. మరుసటి ఏడు ఇంకొక జట్టు అదే ఊరికి వచ్చినా, లేక పక్క ఊరికి పోయినా, మొదటి జట్టు ఏమి కనుక్కున్నదో చదివి తీరవలెననే నియమం నాకు ఆ మార్గదర్శకాలలో కనబడలేదు. నా దృష్టిలో మొత్తం పథకంలో పెద్ద లోపం ఇదే. తక్కినవి గడులు మార్చితే సర్దుకుంటాయి.

ఎందుకిట్లా అంటున్నానో తెలియడానికి నూరేండ్లు వెనుకకు పోవాలి. నర్సీపట్నం కూడ మదరాసు రాజధానిలో భాగంగా ఉన్న కాలం అది. మదరాసు విశ్వవిద్యాలయంలో భారత అర్థశాస్త్రానికి మొదటి ఆచార్యుడుగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ ఒక ప్రశ్నావళి తయారుచేసి, సెలవులకు పోయే విద్యార్థుల చేతికిచ్చి, మీ మీ ఊళ్లను పరిశీలించి వ్రాసుకొని రండి అన్నాడు. ఆ వ్రాతలను కూర్చి దక్షిణ భారత గ్రామాలపై 1918లో ఒక గ్రంథం ప్రకటించాడు. చూడండి: సెలవులు, సొంత ఊరు, ప్రశ్నావళి. మన ప్రాజెక్టులో ఉన్న సరుకంతా అందులో ఉన్నది. లోపాలు కూడ ఉన్నవి. ఆనాడు కళాశాల చదువు అందినవారు చాలావరకు భూములున్న ఇండ్ల బిడ్డలు. కూలివాడల సంగతి వారి కంటికి ఎంత ఆనినదో ఊహించవచ్చును. అయినా ఆ వ్రాతలు అచ్చులో నిలిచినవి గనుక, సుమారు ఇరవై ఏండ్లకు అదే విశ్వవిద్యాలయం వారు ఆ ఊళ్లకు మళ్లీ వెళ్లి కొలిచారు. వాటిలో ఒకటైన ఇరువేల్‌పట్టు అనే తమిళ గ్రామానికి 1961లోను, 1981లోను, 2008లోను కూడ పరిశోధకులు వెళ్లారు. 1916లో ఒక విద్యార్థి సెలవులలో వ్రాసుకున్న లెక్క, కౌలు ఎట్లా మారినదో, కూలి ఎట్లా మారినదో, జీతగాండ్ర బతుకు ఎట్లా మారినదో తొంభై ఏండ్లపాటు కొలవడానికి ఆధారపు రాయి అయినది. ఆ విద్యార్థి మన విద్యార్థులకంటె తెలివైనవాడు కానక్కర లేదు. అతని కాగితాన్ని ఎవరో దాచారు, ఇంకెవరో తెరిచారు.

మన పిల్లల కాగితాలు అట్లా దాచదగినవి కావని కొందరు అధ్యాపకులు అనవచ్చును. ఒకరి నివేదిక చూసి ఒకరు ఎత్తివ్రాసినవి చాలా ఉంటాయనీ, గణాంకాలు నమ్మదగినవి కావనీ వారి ఆక్షేపణ. ఆక్షేపణలో బలం ఉన్నది. ఎత్తివ్రాయడం దేనివలన వచ్చినదో మాత్రం చూడాలి. ఎవరూ మళ్లీ తెరవని కాగితాన్ని శ్రద్ధగా వ్రాసేవారు అరుదు. వచ్చే ఏడు తన చెల్లెలు తరగతివారు ఈ లెక్క పట్టుకొని ఇదే వీధిలో ఇదే ఇంటికి వెళ్తారని తెలిస్తే, కూర్చున్నచోట అంకెలు పుట్టించడానికి చేయి వెనుకాడుతుంది. మన్యంలో సంస్కరించిన గాటు పద్ధతి కూడ ఒక్క శిక్షణ శిబిరంతో నిలువలేదు. సరుకు కొన్నప్పుడల్లా రకం చూసి ధర కట్టడం వలన, అనగా మాటిమాటికి తిరిగి చూడడం వలన నిలిచినది.

అయితే ఆ కాగితాలు ఎక్కడ దాచాలి? కళాశాలలో నివేదికలు గుట్టలు పడతాయి; పైగా కళాశాల ఊరికి దూరం. పంచాయతీ కార్యాలయంలో కాగితాలకు వేరే పనులున్నవి. ఊరికి దగ్గరగా ఉండి, బీరువా ఉండి, ఏటేటా కొత్త పిల్లలు వచ్చే స్థలం ఉన్నత పాఠశాల ఒక్కటే. ప్రతి జట్టు తన నివేదిక ప్రతిని ఆ ఊరి పిల్లలు చదివే ఉన్నత పాఠశాల గ్రంథాలయానికి ఇవ్వాలనీ, మరుసటి జట్టు పని మొదలుపెట్టేముందు ఆ ప్రతిని చదివి, అందులో మారినవి ఏవి, తప్పనిపించినవి ఏవి అని ఒక పుట వ్రాయాలనీ కళాశాలలు ఏర్పాటు చేసుకొనవచ్చును. దీనికి ప్రభుత్వ ఉత్తరువు రావాలని ఎదురు చూడనక్కర లేదు. ఇద్దరు ప్రధానాచార్యులు, ఒక ప్రధానోపాధ్యాయుడు ఒక సాయంత్రం కూర్చుంటే చాలును.

కళాశాల పిల్లలు లేని నెలలలో పని ఆగకుండా చూడడం కూడ ఉన్నత పాఠశాలకే సాధ్యం. బావినీటి పరీక్షనే మళ్లీ తీసుకుందాము. మేలో డిగ్రీ విద్యార్థులు ఏ బావి నీరు పట్టారో ఆ బావినే తొమ్మిదవ తరగతివారు జూలైలో, మంచి వాన పడిన వారంలో, ఉపాధ్యాయుని పర్యవేక్షణలో పట్టాలి. చేద అదే ఉండాలి, వేళ అదే ఉండాలి. సీసా మీద తేదీ, బావి పేరు, ముందురోజు వాన పడినదీ లేనిదీ వ్రాయాలి. పోసిన వెంటనే నల్లబడితే ఆ నీటిలో సల్ఫైడు ముందే ఉన్నదేమో అని అనుమానించి ఆ సీసాను లెక్కలో వేరుగా వ్రాయాలి. నల్లబడిన సీసాలో సూక్ష్మజీవులు కోట్లుగా పెరిగి ఉంటాయి; మూత పిల్లలు తీయరాదు. ఉపాధ్యాయుడే తీసి, గాఢమైన బ్లీచింగుపొడి నీరు పోసి, కొంతసేపు ఉంచిన తరువాత పారబోయాలి. ఫలితం నలుపైనా కాకపోయినా బీరువాలో ఉన్న నివేదిక చివరి పుట వెనుక, మే నెల లెక్క పక్కనే వ్రాసిపెట్టాలి.